చేను కంటే పిండి ముందు

ఈ పూట ఒక రాయి గురించి మాట్లాడుకుందాం. పిండి చేసే రాయి. తిరగలి అనుకునేరు, తిరగలి కాదు. అది చాలా తర్వాత వచ్చింది. అంతకు వేల ఏళ్ళ ముందటి రాయి ఇది. కింద ఒక బండ, పైన ఒక రాయి, మధ్యలో గింజలు. బండ ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి. పై రాయిని రెండు చేతులా పట్టుకుని ముందుకు తోయాలి, వెనక్కి లాగాలి. అంతే యంత్రం. ఇంట్లో సన్నికల్లు ఉన్నవాళ్ళకు ఇంతకంటే వర్ణించక్కర్లేదు. ఈ రాయి మాటెత్తితే మనకు సాధారణంగా ఒక వరస తోస్తుంది. మనిషి ముందు వ్యవసాయం నేర్చుకున్నాడు, గింజలు పండించాడు, పండిన గింజల్ని తినే దారి వెతుక్కుంటూ పిండి చేయడం కనిపెట్టాడు అనుకుంటాం. నాగలి ముందు, తిరగలి తర్వాత అన్నమాట. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ దొరికిన ఆధారాలు అలా లేవు. నేను చెప్పబోయే మాట ఒక్కటే. చేను కంటే పిండి ముందు. నూరేళ్ళో రెండు వందల ఏళ్ళో కాదు, పదివేల ఏళ్ళకు పైగా ముందు.

అసలు గింజను పిండి చేయడం ఎందుకు? ఇది తేలితే మిగతాదంతా సులువు. గుప్పెడు జొన్నలు తీసుకోండి. వాటిని అలాగే ఎసట్లో పోసి ఉడికించండి. చాలాసేపు మరిగితే గానీ లోపల పలుకు పోదు. అవే జొన్నల్ని రవ్వ పట్టి పోయండి. త్వరగా ఉడుకుతాయి. పిండి చేసి కలపండి. ఇంకా త్వరగా అయిపోతుంది. పొయ్యి అదే, నీళ్ళు అవే, జొన్నలు అవే. మారింది పలుకు సైజు ఒక్కటే. గింజ ఎంత చిన్న ముక్కలైతే నీరూ వేడీ తగిలే చోటు అంత పెరుగుతుంది. కడుపులోనూ ఇదే సంగతి. నమలని గింజ పైపొర చీలకుండా లోపలికి పోతే, చాలావరకు అలాగే బయటికి పోతుంది. తిన్నట్టే ఉంటుంది, ఒంటికి పట్టదు. ఇక అడవి గడ్డి గింజల సంగతి చూడండి. మన జొన్నలంత లావు కూడా ఉండవు. పైన గట్టి ఊక, అది ఊరికే ఊడదు. కొండవాలు నిండా అలాంటి గడ్డి కంకులేసి ఉన్నా, చేతిలో రాయి లేనివాడికి అది మేతలా కనిపిస్తుంది గానీ కూడులా కనిపించదు. పళ్ళు రాని పిల్లలకు, పళ్ళు ఊడిన ముసలివాళ్ళకు అయితే అసలే పనికిరాదు. రాయి కింద నలిగాకే ఆ గింజ మనిషికి తిండి అయింది. తినడం చేతకాని గింజను ఎవరు మాత్రం కష్టపడి విత్తుతారు? నా వాదానికి మూలం ఇదే.

ఇక్కడ ఒక అడ్డుప్రశ్న రావచ్చు. నలిపితేనే గానీ తినలేమా, కుండలో పోసి బాగా ఉడికించుకోవచ్చు కదా అని. నిజమే, కుండ ఉంటే కొంతవరకు అవుతుంది. కానీ గోధుమ, బార్లీ పుట్టిన పశ్చిమాసియాలో కుండలు వ్యవసాయం మొదలైన చాలా కాలానికి గానీ రాలేదు. చైనాలో కుండ చాలా పాతది, ఆ కథ వేరు. పశ్చిమాసియాలో మాత్రం కుండ లేని వాళ్ళు, చేను లేని వాళ్ళు గింజ తినాలంటే రాయే దిక్కు.

సరే, ఆధారం చూద్దాం. ఇజ్రాయెల్‌లో గెలిలీ సరస్సు ఉంది. 1989లో ఆ సరస్సు నీరు బాగా తగ్గిపోయి, అడుగు బయటపడింది. ఆ అడుగులో గుడిసెల ఆనవాళ్ళు కనిపించాయి. కొమ్మలతో, ఆకులతో కట్టుకున్న చిన్న చిన్న గుడిసెలు. ఆ చోటును ఓహాలో రెండు అని పిలుస్తారు. వయసు సుమారు 23,000 ఏళ్ళు. ఆ గుడిసెలు ఎప్పుడో కాలిపోయాయి. ఆ తర్వాత సరస్సు పొంగి వాటిని ముంచేసింది, ఒండ్రు కప్పేసింది. గాలి తగలలేదు. అందుకే అక్కడ గింజలు మిగిలాయి, పళ్ళ ఆనవాళ్ళు మిగిలాయి, నేల మీద పరుచుకున్న గడ్డి పక్కలు కూడా మిగిలాయి. హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన డానీ నాడెల్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. ఒక గుడిసె నేల మీద నల్లరాతి బండ ఒకటి దొరికింది. బసాల్ట్ బండ. అది ఎక్కడినుంచో దొర్లుకొచ్చి ఆగినట్టు లేదు, కదలకుండా కుదురుగా అమర్చినట్టు ఉంది. దాని చుట్టూ నేల మీద గడ్డి జాతి గింజలు చెదిరి పడి ఉన్నాయి. పనిచేసే చోట గింజలు చిందుతాయి కదా, అలా. 2004లో డొలొరెస్ పిపెర్నో, నాడెల్, వారి సహచరులు ఆ బండ మీది సన్నని పగుళ్ళలో, రంధ్రాల్లో ఏముందో తీసి సూక్ష్మదర్శినిలో చూశారు. అడవి బార్లీ పిండి కణాలు కనిపించాయి. నేచర్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. ఆ రోజుల్లో భూమ్మీద ఎక్కడా పొలం లేదు. ఊరు లేదు. పెంచుకునే ఆవు లేదు, మేక లేదు. పిండి మాత్రం ఉంది.

ఇంకా వెనక్కి పోవచ్చు. ఇటలీలో దక్షిణాన పగ్లీచి అనే గుహ ఉంది. అక్కడ ఒక నూరుడు రాయి దొరికింది. వయసు 32,000 ఏళ్ళకు పైమాటే. దాని మీద అడవి ఓట్స్ పిండి కణాలు ఉన్నాయి. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఆ కణాల్లో కొన్ని ఉబ్బి ఉన్నాయి. పిండి కణం వేడి తగిలితే అలా ఉబ్బుతుంది. అంటే ఆ గింజల్ని ముందు వేడి చేసి, ఆరబెట్టి, ఆ తర్వాత నూరారని పరిశోధకుల అభిప్రాయం. వేడి చేసిన గింజ పెళుసుబారుతుంది, త్వరగా నలుగుతుంది. ఇంత పద్ధతి తెలిసినవాళ్ళు ఆ పనికి కొత్తవాళ్ళు అయి ఉండరు. అదే ఇటలీలో ఫ్లోరెన్స్ దగ్గర బిలాంచీనో అనే చోట మరో రాయి దొరికింది. దాని మీద ఉన్నది గింజ పిండి కాదు, చెరువుల్లో పెరిగే జమ్ము దుంప పిండి. అదీ 30,000 ఏళ్ళ నాటిదే. ఇటువైపు జోర్డాన్ ఎడారిలో షుబైకా అనే చోట 14,400 ఏళ్ళ నాటి పొయ్యిలో మాడిన రొట్టె ముక్కలు దొరికాయి. అడవి గోధుమ జాతి పిండి, తుంగ జాతి దుంపల పిండి కలిపి కాల్చిన పలచని రొట్టె. ఆ ప్రాంతంలో వ్యవసాయం మొదలవడానికి సుమారు 4,000 ఏళ్ళ ముందటి రొట్టె అది. మళ్ళీ చెబుతున్నాను. చేను కంటే పిండి ముందు. రొట్టె కూడా ముందే.

దీన్ని ఒప్పుకోనివాళ్ళు రెండు మూడు గట్టి ప్రశ్నలు వేస్తారు. వాటిని దాటవేయకూడదు. మొదటిది, రాయి మీద నూరింది గింజేనని ఏమిటి నమ్మకం? అది న్యాయమైన ప్రశ్న. ఆ కాలం మనుషులు ఎర్రమన్ను నూరారు, కాయలు పగలగొట్టారు, ఎముకలు చితక్కొట్టారు. అరిగిన ప్రతి రాయీ పిండి రాయి కాదు. అందుకే రాయిని చదవడం నేర్చుకోవాల్సి వచ్చింది. ఎర్రమన్ను నూరితే సందుల్లో ఎరుపు మిగులుతుంది. గింజలు నూరితే ఎత్తుగా ఉన్న చోట్ల ఒక మెరుపు వస్తుంది. ముందుకూ వెనక్కీ తోసి నూరితే గీతలన్నీ ఒకే దిక్కుకు, వరసగా పడతాయి. గుండ్రంగా తిప్పితే గీతలూ వంకర తిరుగుతాయి, మధ్యలో గిన్నెలా గుంట పడుతుంది. ఇక పిండి కణాలు. ఒక్కో మొక్క పిండి కణానికి ఒక్కో ఆకారం. బార్లీ, గోధుమల పెద్ద కణాలు పప్పుబద్దలా నొక్కుకుపోయి ఉంటాయి. ప్రత్యేకమైన వెలుతురులో చూస్తే ప్రతి కణం మీదా నల్లటి అడ్డగీత, నిలువుగీత కలిసి కనిపిస్తాయి. రాతి కింద నలిగిన కణాల అంచులు చిట్లుతాయి, ఆ గీతలు చెదిరిపోతాయి. ఇవన్నీ ఒకే రాయి మీద ఒక్క మాట చెబితేనే అది పిండి రాయి. ఒక్కటి చూసి తీర్పు చెప్పకూడదు.

దీనికి అనుబంధంగా ఇంకో అనుమానం ఉంది. అన్ని వేల ఏళ్ళు పిండి నిలుస్తుందా, ఈ కాలం పిండి ఎగిరొచ్చి అంటుకుని ఉండకూడదా అని. ఈ భయం ఉత్తది కాదు. ప్రయోగశాలలో వాడే చేతి తొడుగుల్లోనే పిండి పొడి ఉంటుంది. దాంతో పొరపాట్లు జరిగాయి కూడా. అందుకే ఇప్పుడు జాగ్రత్త పెరిగింది. రాయి మీదనే కాదు, రాయి చుట్టూ ఉన్న మట్టినీ పరీక్షిస్తారు, గది గాలినీ పరీక్షిస్తారు. పిండి కణాలు మట్టిలో లేకుండా రాతి రంధ్రాల్లోనే ఉంటే, అవి పనివల్ల వచ్చాయని అర్థం. ఓహాలోలో ఇంకో సాక్ష్యం కూడా ఉంది. రాతి మీద కణాలు ఏ గింజవో ఆ గింజే, బొగ్గైపోయి, ఆ రాయి పక్కనే నేల మీద దొరికింది. రెండు సాక్ష్యాలు విడివిడిగా వచ్చి ఒకే మాట చెప్పాయి. నాకు ఇది చాలు.

రెండో ప్రశ్న ఇంకా పదునైనది. ఓహాలోలోనే, ఆ గింజలతో పాటు కలుపు మొక్కల గింజలు కూడా దొరికాయి. సాగుచేసిన నేలలో బాగా పెరిగే కలుపు అది. కొడవలికి బిగించినట్టున్న చెకుముకి రాతి పలుకులూ దొరికాయి. 2015లో కొందరు పరిశోధకులు దీన్నిబట్టి, అక్కడివాళ్ళు అప్పుడే విత్తి చూశారేమో అన్నారు. అలాగైతే నా వాదం కూలిపోతుందా? కూలిపోదు. వాళ్ళు ఒకవేళ నాలుగు గింజలు చల్లి చూసినా, ఆ ప్రయత్నం నిలబడలేదు. స్థిరమైన సాగు రావడానికి ఆ తర్వాత ఇంకా 11,000 ఏళ్ళు పట్టింది. పైగా పగ్లీచి గుహ రాయి ఓహాలో కంటే ఇంకో 9,000 ఏళ్ళు పాతది. అక్కడ సాగు మాట ఎవరూ ఎత్తలేదు. విత్తి చూసినవాళ్ళు ఉంటే గింటే, వాళ్ళు అప్పటికే నూరడం వచ్చినవాళ్ళు. వరస మారలేదు.

మూడో ప్రశ్న అన్నిటికంటే పెద్దది. పిండి చేయడం అంత ముందే వస్తే, వ్యవసాయానికి అన్ని వేల ఏళ్ళు ఎందుకు ఆగారు? ఆస్ట్రేలియా సంగతి చూడండి అంటారు. అక్కడి ఆదిమవాసులు గడ్డి గింజల్ని వేల ఏళ్ళుగా నూరుకుని తిన్నారు. నీళ్ళు చిలకరిస్తూ నూరి, ఆ ముద్దను నిప్పుల బూడిదలో కాల్చుకునేవాళ్ళు. యూరప్ వాళ్ళు వచ్చి చూసేనాటికీ ఆ పని సాగుతూనే ఉంది. మన వైపులా పొలాలు దున్నే వ్యవసాయం మాత్రం అక్కడ రాలేదు. కాబట్టి రాయి ఉన్నంత మాత్రాన చేను రాదు. ఒప్పుకుంటాను. రాయి చేనును పుట్టించిందని నేను అనడం లేదు. రాయి లేకుండా చేను పుట్టదంటున్నాను. ఈ రెండూ వేరు వేరు మాటలు. ఆ వేల ఏళ్ళ ఆలస్యానికి వాతావరణం ఒక కారణం. అది మంచు యుగం. చలి, కరువు, నిలకడ లేని ఋతువులు. సుమారు 11,700 ఏళ్ళ కిందట ఆ యుగం ముగిసి, వాతావరణం కుదుటపడింది. సాగు ఆ తర్వాతే నిలదొక్కుకుంది. కానీ రెండో కారణం ఒకటుంది. దాన్ని మనం తరచుగా మరిచిపోతాం. అది ఒంటినొప్పి.

నూరడం చాలా కష్టమైన పని. ఒక కుటుంబానికి ఒక పూటకు సరిపడా పిండి కావాలంటే గంటల తరబడి తోయాలి, లాగాలి. మెక్సికో పల్లెల్లో ఇలాంటి రాతి మీదనే మొక్కజొన్న నూరే ఆడవాళ్ళకు రోజుకు నాలుగైదు గంటలు దానికే పోయేవి. వేట దొరికితే, పండు దొరికితే, చేప దొరికితే ఈ చాకిరీ ఎవరు కోరుకుంటారు? గింజ నూరుకోవడం తెలుసు, కానీ అది వేరే గతి లేనప్పటి తిండి. తెలిసినా వాడకపోవడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. ఆ కష్టం ఎంతటిదో ఎముకల మీదే రాసి ఉంది. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున అబూ హురైరా అనే పాత ఊరు ఉండేది. ఇప్పుడు అది ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయింది. ముంపుకు ముందు, 1970ల మొదట్లో అక్కడ తవ్వారు. అక్కడి అస్థిపంజరాలను పరిశీలించిన థియా మోలెసన్ ఒక విషయం గమనించారు. కాలి బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయి ఉన్నాయి. మోకాళ్ళ ఎముకల్లో, నడుము ఎముకల్లో మార్పులు ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని, కాలివేళ్ళు నేలకు తన్నిపెట్టి, ఒళ్ళంతా ముందుకు వంచి రోజూ నూరితే వచ్చే మార్పులవి. అవి ఎక్కువగా ఆడవాళ్ళ ఎముకల్లోనే ఉన్నాయి. మధ్య యూరప్‌లో తొలి రైతు కుటుంబాల ఆడవాళ్ళ చేతి ఎముకలను 2017లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కొలిచారు. వాటిని ఈనాటి పడవ పందేల క్రీడాకారిణుల ఎముకలతో పోల్చారు. ఆ పాత చేతులే 11 నుంచి 16 శాతం దాకా బలంగా తేలాయి. దున్నడం, పిండి నూరడం లాంటి పనులే దానికి కారణమని వాళ్ళు చెప్పారు.

పళ్ళూ నష్టపోయాయి. రాయి అరిగితే ఆ అరుగు ఎక్కడికి పోతుంది? పిండిలోకే పోతుంది. ఇసుకరాయి అయితే మరీ ఎక్కువ. ఈజిప్టు మమ్మీల పళ్ళు మొదళ్ళ దాకా అరిగి ఉండటానికి రొట్టెలోని ఇసుక, రాతిపొడి ముఖ్య కారణమంటారు. అందుకే రాయి ఎంపికలో మనిషి చాలా తెలివి చూపించాడు. మరీ మెత్తనిది పనికిరాదు, పొడి రాలుతుంది. మరీ నున్ననిది పనికిరాదు, గింజ జారిపోతుంది. సన్నటి రంధ్రాలున్న బసాల్ట్ మంచిది. అరిగిన కొద్దీ కొత్త రంధ్రాల అంచులు పైకి తేలి, రాయి గరుకు పోకుండా ఉంటుంది. మన గ్రానైటు కూడా మంచిదే. అందులో గట్టి పలుకూ మెత్తటి పలుకూ కలిసి ఉంటాయి కాబట్టి అన్నీ ఒక్కలా అరగవు. అయినా వాడగా వాడగా ఏ రాయైనా నున్నబడుతుంది. అప్పుడు చిన్న రాతితో టకటకా కొట్టి మళ్ళీ గరుకు తేవాలి. మొన్నమొన్నటి దాకా మన వీధుల్లో తిరగళ్ళకు, రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు చేసిన పని అదే. పాత రాళ్ళ మీద ఆ గాట్ల గుంటలు ఈనాటికీ కనిపిస్తాయి. ఇక తిరగలి సుమారు 2,500 ఏళ్ళ కిందట మధ్యధరా సముద్రపు పడమటి తీరాల్లో మొదట కనిపిస్తుంది. రాయిని తోయడం మానేసి తిప్పడం నేర్చుకునేసరికి, మనిషి పిండి తినడం మొదలై ముప్పై వేల ఏళ్ళు అయింది. తోసే చేతులు తమవి కానప్పుడు కొత్త యంత్రం కోసం ఎవరికీ తొందర ఉండదేమో.

మన దేశం సంగతికి వద్దాం. గంగా మైదానంలో, ఉత్తరప్రదేశ్‌లో మహదహా అనే చోటు ఉంది. వేటాడి, ఏరుకుని బతికిన వాళ్ళ మకాం అది. 1970ల చివర అలహాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళు తవ్వారు. అక్కడ నూరుడు బండలు, పై రాళ్ళు దొరికాయి. ఇందులో వింత ఏమిటంటే ఆ మైదానంలో రాయన్నదే దొరకదు. అంతా ఒండ్రు మట్టి. ఆ బండల్ని దక్షిణాన వింధ్య కొండల వైపు నుంచి మోసుకొచ్చారు. బండి లేదు, ఎద్దు లేదు. నూరడం అవసరం లేనివాడు అంత బరువు నెత్తికెత్తుకోడు. పొలం లేనివాళ్ళ దగ్గర పిండి రాయి ఉందనడానికి ఇది మన ఇంటి సాక్ష్యం.

ఇక మన తెలుగు నేల. ఇక్కడి కథ కొంచెం వేరు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు ఉంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు. అక్కడి బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వారు. పశువుల మందలు కట్టిన చోట పేడ పోగై, తగలబడి ఏర్పడిన దిబ్బ అది. అనంతపురం జిల్లాలో పాల్వాయి, కర్ణాటకలో బళ్ళారి దగ్గర సంగనకల్లు, ఇలా ఆ కాలం చోట్లు చాలా ఉన్నాయి. కడప, కర్నూలు, అనంతపురం వైపు తవ్వకాల్లో మట్టిని జల్లించి గింజలు వెతికారు. సుమారు 4,000 ఏళ్ళ కిందట ఇక్కడివాళ్ళు అండుకొర్రలు, ఉలవలు, పెసలు తిన్నారని తేలింది. అప్పటికి మన దగ్గర కుండ ఉంది, పశువు ఉంది, సాగు కూడా ఉంది. కాబట్టి ఆ చోట్ల దొరికే నూరుడు రాళ్ళు చేను కంటే పిండి ముందనడానికి రుజువు కావు. ఆ సంగతి నిజాయతీగా చెప్పాలి. పైగా మన కొండల్లో ఇంకో తిరకాసు ఉంది. బండల మీద నున్నగా, పొడుగ్గా ఉండే గాళ్ళు చాలాచోట్ల కనిపిస్తాయి. ఊళ్ళో వాళ్ళు ఎవరో పిండి నూరిన గుర్తులంటారు. వాటిలో చాలావరకు రాతి గొడ్డళ్ళకు పదును పెట్టిన గాళ్ళు. సన్నగా, లోతుగా, గొడ్డలి అంచుకు సరిపోయేలా ఉంటే అది పదును గాడి. వెడల్పుగా, నిలువునా కాస్త పల్లంగా, గుర్రపు జీను మాదిరి వంగి ఉంటే అది పిండి బండ.

అలాంటి బండ పొలం గట్టు మీదో, చెరువు కట్ట కిందో మీకు కనిపించిందనుకోండి. దాన్ని ఇంటికి తేకండి. కడగకండి. పసుపు రాయకండి. చోటు రాసి పెట్టుకుని పురావస్తు శాఖకు తెలియజేయండి. రంధ్రాల్లో చిక్కిన పిండి మొండిది. ఎప్పుడో కడిగి మ్యూజియంలో పెట్టిన రాళ్ళ మీద కూడా కణాలు దొరికిన సందర్భాలున్నాయి. కానీ చోటు మారిన రాయి ఏ కాలానిదో తేల్చడం కష్టం. మరో సంగతి. అరిగిన ముఖం కిందికి వచ్చేలా బోర్లా పడి ఉంటే, దాన్ని అసలు తిప్పకండి. ఎండా వానా తగలని ఆ అడుగు ముఖంలోనే కణాలు మిగిలే అవకాశం ఎక్కువ.